అదే ప్రశ్న నూరోసారి వచ్చినప్పుడు

పోయిన సంచికలో ఎర్రర్ మెసేజ్ ఎలా చదవాలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎర్రర్ల ఊసే లేదు. అన్నీ మనుషుల గురించే. ఆన్‌లైన్ గ్రూపుల్లో సాయం అడిగేవాళ్లూ నొచ్చుకుంటున్నారు, సాయం చేసేవాళ్లూ నొచ్చుకుంటున్నారు. అందుకే ఈసారి ఈ శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: మేం నలుగురం కలిసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్ల కోసం ఒక గ్రూప్ నడుపుతున్నాం. రోజూ ఒకటే ప్రశ్న: "పిప్ పనిచేయట్లేదు, హెల్ప్ ప్లీజ్." (పిప్ అంటే పైథాన్‌కు అదనపు ప్యాకేజీలు తెచ్చిపెట్టే కమాండ్.) నిబంధనలు రాసి పిన్ చేశాం, ఎవరూ చదవరు. బాగా తెలిసినవాళ్లు ఇద్దరు విసిగిపోయి రావడం మానేశారు. ఇలాంటి పోస్టులు కనపడగానే తీసేద్దామని ఒకరు, గ్రూపులో చేరేముందు చిన్న పరీక్ష పెడదామని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు? (ఒక అడ్మిన్)

జవాబు: మీ విసుగును నేను తప్పు పట్టనండీ. జీతం లేని పని. ఇంటికొచ్చి, ఉన్న కాస్త తీరికలో కూర్చుని రాస్తారు. రోజూ అదే వాక్యం ఎదురైతే ఎవరి ఓపికైనా అరుగుతుంది. కానీ మీరు ఉదాహరణగా ఇచ్చిన ఆ ప్రశ్ననే ఒకసారి దగ్గరగా చూడండి.

విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ తెరవగానే మొదటి తెర అడుగున చిన్న గడి ఒకటి కనిపిస్తుంది. పైథాన్‌ను పాత్‌లో చేర్చాలా అని అడుగుతుంది. పాత్ అంటే, మనం కొట్టిన కమాండ్‌ను కంప్యూటర్ ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా. అందులో టిక్ ముందే పెట్టి ఉండదు, మనం పెట్టాలి. కొత్తగా వచ్చినవాళ్ల చూపు పైనున్న పెద్ద "ఇన్‌స్టాల్ నౌ" మీదికే పోతుంది. నొక్కుతారు. అంతా సవ్యంగా పూర్తయిందని తెర చెబుతుంది. తీరా కమాండ్లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ విండో తెరిచి పిప్ అని కొడితే, అలాంటి కమాండ్ ఏదీ లేదంటుంది. ఇందులో అడిగిన మనిషి చేసిన తప్పేమిటి? చెప్పినట్టే చేశారు. "గూగుల్‌లో వెతుక్కోవచ్చుగా" అంటాం. ఏమని వెతకాలి? పాత్ అనే మాటే ఇంకా వాళ్ల చెవిన పడలేదు.

ఒకే చోట నూరుమంది కాలు జారితే అక్కడ గుంత ఉన్నట్టు. మీరు జారినవాళ్లను లెక్కపెడుతున్నారు, గుంత సంగతి చూడటం లేదు.

మీరు ఉత్తరంతో పాటు పంపిన పిన్ పోస్ట్ చదివాను. పన్నెండు నిబంధనలున్నాయి. మొదటి ఆరూ ఏం చేయకూడదో చెబుతున్నాయి. పిప్ గురించిన లింక్ పదకొండోదాని చివర ఉంది. కంగారులో ఉన్న మనిషి పదకొండో అంశం దాకా రాడండీ. దాన్ని అక్కణ్నుంచి తీసి విడిగా పెట్టండి. శీర్షికగా "పాత్ అమర్చుకోవడం ఎలా" అని పెట్టకండి, అది తెలిసినవాళ్ల మాట. తెరమీద కనపడే ఎర్రర్ వాక్యాన్నే ఉన్నదున్నట్టు శీర్షిక చేయండి. వాళ్ల చేతిలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే, వెతికినా దానితోనే వెతుకుతారు. లోపల చేయాల్సిన పని నాలుగు వాక్యాల్లో రాయండి: ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, మాడిఫై ఎంచుకుని, తర్వాతి తెరల్లో పైథాన్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో చేర్చే గడిలో టిక్ పెట్టడం, అది వద్దనుకుంటే పైథాన్‌తో పాటు వచ్చే పివై లాంచర్ ద్వారా పిప్‌ను పిలవడం. ఒక్క మాట మాత్రం మరవకండి: అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌ను మూసి కొత్తది తెరవాలి. పాత విండోకు కొత్త పాత్ తెలియదు. అన్నీ సరిగ్గా చేసి, ఇది చేయక, "మీరు చెప్పినట్టే చేశాను, అయినా రాలేదు" అని తిరిగొచ్చినవాళ్లను నేను ఎంతమందిని చూశానో!

తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసిపెట్టే పద్ధతి కూడా ఇలాంటి విసుగులోంచే పుట్టింది. 1980ల తొలి సగంలో నాసాలో పనిచేసే యూజీన్ మియా, అంతరిక్షం గురించి మాట్లాడుకునే ఒక చర్చా బృందంలో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటే జవాబులు కూర్చి పంపడం మొదలుపెట్టారు. ఎఫ్ఏక్యూ అనే పొట్టిపేరు ఆయన పెట్టిందే అంటారు. ఇక ఇంటర్నెట్ తొలినాళ్ల చర్చా వేదిక యూజ్‌నెట్ రోజుల్లో ఏటా సెప్టెంబర్ రాగానే యూనివర్సిటీల్లో కొత్తగా చేరిన పిల్లలంతా ఒక్కసారిగా వచ్చిపడేవారు. నెలా రెండు నెలల్లో పద్ధతులు నేర్చుకుని కలిసిపోయేవారు. తర్వాత వ్యాపార సంస్థల ద్వారా మామూలు జనానికీ దారి తెరుచుకుంది. కొత్తవాళ్ల రాక ఇక ఆగలేదు. పాతవాళ్లు దానికి "ముగింపు లేని సెప్టెంబర్" అని పేరు పెట్టి, 1993 సెప్టెంబర్ ఇంకా అయిపోలేదనేవారు. మీ గ్రూపులోనూ ఇప్పుడు నడుస్తున్నది ఆ సెప్టెంబరే.

పరీక్ష పెట్టకండి. పరీక్ష పాసయ్యేవాళ్లకు మీ గ్రూపుతో పనిలేదు.

పోస్టులు తీసేయడం గురించి చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి. 2003లో మొదటిసారి విండోస్‌లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ వేసుకున్నాను. అన్నీ వచ్చాయి, సౌండ్ మాత్రం రాలేదు. నాలుగు రాత్రులు కుస్తీపట్టి, చివరికి సిగ్గు చంపుకుని ఒక గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో నాలుగు ఇంగ్లిష్ అక్షరాల జవాబొచ్చింది: మాన్యువల్ చదువుకో అని, మధ్యలో ఒక బూతు కలిపి. ఏ మాన్యువల్, ఎన్నో పేజీ, ఏమీ లేదు. ఆ రాత్రి లినక్స్ తీసేద్దామనే అనుకున్నాను. మూడు రోజులకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాశారు: "నేనూ దీనిమీద రెండు రోజులు పోగొట్టుకున్నాను. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరవండి. నిలువు గీతల కింద ఎమ్ ఎమ్ అని కనిపిస్తే ఆ ఛానల్ మూగగా ఉన్నట్టు. దానిమీదికి వెళ్లి ఎమ్ నొక్కండి." నొక్కాను. ఎమ్‌లు పోయి సున్నాలు వచ్చాయి, స్పీకర్లోంచి పాట వచ్చింది. ఆ రోజుల్లో లినక్స్‌లో సౌండ్ సంగతి చూసే ఆల్సా ఛానళ్లన్నీ మొదట మూగగానే ఉండేవి. తెలిసినవాళ్లకు అది ఒక్క మీట పని.

ఇరవై ఏళ్లు దాటినా ఆ "నేనూ రెండు రోజులు పోగొట్టుకున్నాను" అన్న వాక్యం నాకు గుర్తుంది. నేను జవాబులు రాయడం మొదలుపెట్టింది ఆ వాక్యం వల్లే. నా పోస్టును ఆ మొదటిరోజే ఎవరైనా తీసేసి ఉంటే ఇప్పుడు మీకీ జవాబు రాసేదాన్ని కాదు.

లింక్ ఇవ్వడం తప్పుకాదు. లింక్ ఒక్కటే విసిరేస్తే తలుపు వేసినట్టుంటుంది. దాని పక్కన "ఇందులో రెండో పేరా మీకు పనికొస్తుంది, అక్కడ ఆగిపోతే ఏం కనిపించిందో చెప్పండి" అని చేర్చండి. "ఇది కూడా తెలియదా?" అన్న ఆశ్చర్యం మాత్రం ఎవరి నోటా రానివ్వకండి. న్యూయార్క్‌లో రికర్స్ సెంటర్ అని ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే చోటు ఉంది. అక్కడ పాటించే కొద్దిపాటి నియమాల్లో ఇదొకటి: ఎదుటివాళ్లకు తెలియదన్నందుకు ఆశ్చర్యం నటించకూడదు. ఆ ఆశ్చర్యం వల్ల ఎవరూ ఏదీ నేర్చుకోరు, ఇకమీదట అడగకూడదని తప్ప.

ఆ విసిగిపోయిన ఇద్దరినీ వెనక్కి పిలవండి, కానీ పాత పనికి వద్దు. తేలిక ప్రశ్నలు వారానికొకరు వంతులవారీగా చూసుకోండి. ఆ ఇద్దరినీ వంతుల్లోంచి తప్పించి, కష్టమైనవి మాత్రం వాళ్లకు అప్పజెప్పండి. వంతు ఎవరిదైనా, కోపంగా ఉన్న రోజు రాయకండి. మీరు ఊరుకుంటే మరొకరు చెబుతారు. కోపంతో రాసింది మాత్రం ఏళ్ల తరబడి అక్కడే కనపడుతూ ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, వెబ్ పేజీలు తయారుచేయడం సొంతంగా నేర్చుకుంటున్నాను. పేజీకి రంగులూ రూపూ ఇచ్చే సీఎస్ఎస్ దగ్గర ఆగిపోయాను. ఒక గ్రూపులో "సీఎస్ఎస్ పనిచేయట్లేదు, అర్జెంట్, ఎవరైనా చెప్పండి" అని ఫోన్‌తో తీసిన ఫోటో పెట్టాను. ముగ్గురు తిట్టారు. ఒకరు కోడ్ పెట్టమన్నారు, నాకు అర్థంకాక ఊరుకున్నాను. మళ్లీ అడగాలంటే భయంగా ఉంది. (కాలేజీ విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ ముగ్గురి సంగతి వదిలెయ్. కోడ్ పెట్టమన్న నాలుగో మనిషి నీకు సాయం చేయబోయారు, నువ్వు వాళ్లకు బదులివ్వలేదు. ఈ పూటే వెళ్లి రాయి. ఆలస్యమైందని ఎవరూ ఏమీ అనరు.

వాళ్లకు నీ కంప్యూటర్ కనపడదు. నీకు కనిపిస్తున్నదంతా వాళ్లకు మాటల్లో చేరాలి. "పనిచేయట్లేదు" అంటే పేజీ అసలు తెరుచుకోలేదా, తెరుచుకుని రంగులు రాలేదా, నిన్నటిదాకా వచ్చి ఈరోజు ఆగిందా? మూడింటికీ మందు వేరు. ఫోటో బదులు కోడ్‌నే కాపీచేసి పెట్టు. ఫోటోలో ఉన్నదాన్ని ఎవరూ తమ దగ్గర నడిపి చూడలేరు, అందులోని అక్షరాల కోసం వెతకనూ లేరు. "అర్జెంట్" తీసెయ్. అడిగే ప్రతి ఒక్కరికీ అర్జెంటే.

నీ పోస్టును ఇలా తిరగరాశాను చూడు: "పేజీ తెరుచుకుంటోంది, కానీ వెనక రంగు నీలం రావాల్సింది తెల్లగానే ఉంది. స్టైల్ ఫైలు, పేజీ ఫైలు ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. ఫైలు పేరు సరిచూశాను, బ్రౌజర్ రిఫ్రెష్ చేశాను. రెండు ఫైళ్ల కోడ్ కింద ఇస్తున్నాను. ఎక్కడ చూడాలి?" నాలుగైదు వాక్యాలే. ఏం ప్రయత్నించావో చెప్పిన వాక్యం ఉందే, దానికోసమే చాలామంది ఆగి జవాబిస్తారు.

ఇక నీ సమస్య. ఫోటోను పెద్దది చేసి చూశాను. ఫైలు పక్కనున్న బొమ్మ నోట్‌ప్యాడ్ ఫైలుకు వచ్చే కాగితం బొమ్మ. విండోస్ మామూలుగా ఫైలు పేర్ల చివరి తోకను దాచేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేసినప్పుడు నీ ఫైలుకు చివర డాట్ టీఎక్స్‌టీ అతుక్కుని ఉంటుందని నా అనుమానం. నీకు కనిపిస్తున్న పేరు "స్టైల్ డాట్ సీఎస్ఎస్", అసలు పేరు "స్టైల్ డాట్ సీఎస్ఎస్ డాట్ టీఎక్స్‌టీ". ఫోల్డర్ విండోలో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చెయ్, తోక బయటపడుతుంది. అదే అయితే పేరు మార్చు. కాకపోతే నాకు మళ్లీ రాయి. ఏమైందో ఆ గ్రూపులో కూడా రాయి. "సాల్వ్ అయింది, థ్యాంక్స్" అని వదిలేయకు. ఎలా సాల్వ్ అయిందో రాస్తే ఆరు నెలల తర్వాత ఇలాగే తల పట్టుకుని వచ్చే ఇంకొకరు దాన్ని చదువుకుంటారు.

ప్రశ్న: అడిగినదానికి శ్రద్ధగా జవాబు రాస్తాను. తీరా చూస్తే "నాకు కావాల్సింది ఇది కాదు" అంటారు. అలాంటప్పుడు అదే మొదట అడగొచ్చుగా? (గ్రూపుల్లో సాయం చేసే ఒక ఉద్యోగి)

జవాబు: అడగలేరండీ. కొత్తవాళ్లు సమస్యను చెప్పరు, తమకు తోచిన పరిష్కారంలో ఎక్కడ ఇరుక్కున్నారో దాన్ని చెబుతారు. మొన్నామధ్య ఒకావిడ అడిగారు: "ఎక్సెల్‌లో సభ్యత్వ సంఖ్యల ముందు సున్నా చేర్చడమెలా?" అరగంటలో ఐదు ఫార్ములాలు వచ్చాయి, అన్నీ సరైనవే. ఆవిడ ఒకటి వాడారు. కొన్ని సంఖ్యలు సరిపోయాయి, కొన్ని సరిపోలేదు. ఎందుకంటే కొన్నింటికి ముందు రెండు సున్నాలుండాలి. అప్పుడు నేను ఒకటే అడిగాను: "ఈ సంఖ్యలు ఎక్సెల్‌లోకి ఎలా వచ్చాయమ్మా?" సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన వివరాల ఫైలు) మీద రెండుసార్లు క్లిక్ చేసి తెరిచారట. అలా తెరిస్తే ఎక్సెల్ వాటిని అంకెలుగా తీసుకుని ముందున్న సున్నాలను మింగేస్తుంది. అసలు ఫైలులో సున్నాలు భద్రంగానే ఉన్నాయి. డేటా మెనూలోంచి ఆ ఫైలును తెప్పించి, ఆ వరుసను టెక్స్ట్‌గా తీసుకోమంటే చాలు. ఏ ఫార్ములాతోనూ పనిలేదు.

అందుకే జవాబు రాసేముందు ఒక్కటి అడగండి: "దీనితో చివరికి ఏం చేయాలనుకుంటున్నారు?" ఒక్కటే అడగండి. ఒకేసారి ఏడు ప్రశ్నలు వేస్తే అవతలి మనిషికి పోలీసు విచారణలా ఉంటుంది, మాయమైపోతారు.

ప్రశ్న: గ్రూపులో ఒకసారి జవాబిస్తే చాలు, ఆ తర్వాత ప్రైవేటుగా మెసేజ్‌లు మొదలు. కొందరు పాస్‌వర్డ్ పంపి, "మీరే లోపలికొచ్చి సరిచేయండి" అంటున్నారు. కాదంటే బాధపడతారేమో. (ఒక సిస్టమ్ అడ్మిన్)

జవాబు: కాదనండి, మెత్తగానే. "గ్రూపులోనే అడగండి, నాకంటే బాగా తెలిసినవాళ్లు కూడా చూస్తారు, నేను పొరబడితే సరిదిద్దుతారు" అని చెప్పండి. అది సాకు కాదు, నిజం. ఇక పాస్‌వర్డ్ వచ్చిందంటే దాన్ని వాడకుండా, వెంటనే మార్చుకోమని చెప్పండి. స్క్రీన్‌షాట్లోనో, అతికించిన కోడ్‌లోనో రహస్య కీ (ప్రోగ్రాములు వాడే పాస్‌వర్డ్ లాంటిది) కనపడినా అంతే. పోస్ట్ తీసేస్తే సరిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అప్పటికే ఎవరైనా చూసి ఉండొచ్చు. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా, ఆలస్యం చేయకుండా చెప్పండి. తెలియని మనిషిని తన కంప్యూటర్లోకి రానివ్వడం అలవాటైతే, రేపు అలాగే అడిగే మోసగాణ్నీ రానిస్తారు.

ప్రశ్న: ఇప్పుడు చాట్‌బాట్లు ఉన్నాయిగా, తేలిక ప్రశ్నలు వాటినే అడగమంటే సరిపోదా? (ఒక పాఠకుడు)

జవాబు: అడగనివ్వండి, చాలాసార్లు పని జరుగుతుంది. విసుక్కోదు, అర్ధరాత్రి కూడా పలుకుతుంది. కొత్తవాళ్లు దానివైపు పోవడంలో మన విసుగుకూ పాత్ర ఉంది. 2018లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ నడిపే స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థే తమ దగ్గర కొత్తవాళ్లకు ఆదరణ కరువైందని బాహాటంగా ఒప్పుకుని, తొలిసారి అడిగేవాళ్ల పేరు పక్కన గుర్తు చూపించడం మొదలుపెట్టింది. అదే సైట్‌లో 2022 డిసెంబర్లో చాట్‌జీపీటీ రాసిన జవాబులు పెట్టకూడదని నిషేధించారు. చూడటానికి సరైనవిగా కనిపిస్తూ తప్పయినవి గుట్టలుగా వచ్చిపడటమే కారణం. తప్పును తప్పని పోల్చుకోవడం ఇంకా రానివాళ్లే కదా కొత్తవాళ్లు! "బాట్ ఇలా చెప్పింది, నాకు పనిచేయలేదు" అని వచ్చేవాళ్లను వెక్కిరించకండి. ఏం ప్రయత్నించారో చెప్పినట్టే లెక్క. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: నా వయసు యాభై ఎనిమిది. ఏడాదిగా కంప్యూటర్ పనులు నేర్చుకుంటున్నాను. గ్రూపులో వచ్చే ప్రశ్నల్లో కొన్నింటికి నాకు జవాబు తెలుసు. కానీ పెద్ద పెద్ద ఇంజనీర్లున్నచోట నేను రాయడమేమిటని ఆగిపోతున్నాను. (ఒక గృహిణి)

జవాబు: అక్కా, మీ ఉత్తరం అన్నిటికంటే ఆఖర్న ఉంచుకున్నాను.

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక ప్రయోగం చేశారు. కొందరిని అందరికీ తెలిసిన పాటల వరుసను బల్లమీద వేళ్లతో తట్టమన్నారు. వింటున్నవాళ్లు అది ఏ పాటో చెప్పాలి. తట్టినవాళ్లు సగం పాటలైనా పోల్చుకుంటారని అనుకున్నారు. 120 పాటల్లో విన్నవాళ్లు పట్టుకున్నవి మూడు. తట్టే మనిషి మనసులో పాట మోగుతోంది, వినే మనిషికి టకటక మాత్రమే వినిపిస్తోంది. బాగా తెలిసిన ఇంజనీరు రాసే జవాబు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఆయన దాటేసిన మెట్టు ఆయనకే కనపడదు. మీకింకా అన్ని మెట్లూ గుర్తున్నాయి.

పోయిన వారం మీరు ఏ చిక్కులోంచి బయటపడ్డారో, అలాంటి ప్రశ్న వస్తే దానికి రాయండి. "నాకు ఇలా కుదిరింది" అని మొదలుపెట్టండి. ఏ మెనూ, ఏ మాట మీద నొక్కారు, నొక్కాక ఏం కనిపించింది, అంతా రాయండి. పొరపాటుంటే ఎవరో ఒకరు సరిదిద్దుతారు, మీకూ తెలుస్తుంది. మొదటిది రాశాక నాకు పంపండి. వచ్చే సంచికలో వేయాలని ఉంది, మీరు సరేనంటేనే.